బోధిస్తూ నేర్చుకున్న అయ్యంగారు

చిరంజీవులకు ఆశీస్సులు.

మీలో కొందరికి యోగా మాస్టర్లు కావాలన్న కోరిక ఉందని, 200 గంటల శిక్షణ పూర్తిచేసి సర్టిఫికెట్ తెచ్చుకుంటే సరిపోతుందా అని అడిగారని మీ అమ్మ చెప్పింది. సర్టిఫికెట్ కావలసిందే. అయితే ఆ తరువాత ఏం చేయాలో తెలియాలంటే ప్రసిద్ధ యోగా గురువు బి.కె.ఎస్. అయ్యంగారి జీవితం తెలుసుకోండి.

ఆయన 1918లో, ఇన్‌ఫ్లుయెంజా చెలరేగిన రోజుల్లో, మైసూరు సంస్థానంలోని బెళ్ళూరులో పుట్టారు. మలేరియా, టైఫాయిడ్, క్షయ పీడించడంతో బాల్యమంతా నీరసంగానే గడిచింది. తొమ్మిదో ఏట తండ్రి పోయారు. 1934లో మైసూరులోని అక్కాబావల ఇంటికి చేరారు. ఆ బావగారే తిరుమలై కృష్ణమాచార్యులు; మహారాజు ఆదరణతో జగన్మోహన ప్యాలెస్‌లో యోగశాల నడిపిన గొప్ప పండితుడు, అంతే కఠినమైన గురువు. బిరుసుగా ఉన్న ఈ కుర్రవాడి ఒంటికి ఆసనాలు వస్తాయన్న ఆశ ఆయనకు మొదట్లో లేదు. అయినా కాస్త ఇంగ్లీషు వచ్చునన్న కారణంతో 1937లో పాఠాలు చెప్పమని పుణెకు పంపారు.

అప్పటికి అయ్యంగారికి ఇంకా ఇరవై ఏళ్ళు రాలేదు. మరాఠీ రాదు, ఎదుట నిలబడిన శిష్యుల్లో తనకన్నా పెద్దవాళ్ళు, దృఢకాయులు ఉన్నారు. గురువు దగ్గర నేర్చుకున్న కాలం కొంచెమే కాబట్టి, ప్రతి ఆసనాన్నీ గంటల తరబడి తన ఒంటిమీదే పరీక్షించుకుని, ఏ కండరం ఎక్కడ పట్టేస్తోందో, ఊపిరి ఎందుకు ఆగిపోతోందో గమనించి, ఆ తెలిసినదాన్నే మర్నాడు ఇతరులకు చెప్పారు. ఆయన గురువైంది అక్కడేనని నా గట్టి నమ్మకం.

త్రికోణాసనం చూడండి. కాళ్ళు మూడు మూడున్నర అడుగుల ఎడంగా పెట్టి, కుడి పాదాన్ని బయటికి తిప్పి, పక్కకు వంగి కుడి చేతిని చీలమండ దాకా తేవాలి. చేయి అందనివాళ్ళు మోకాలు వంచేస్తారు, లేదా ముందుకు ఒరిగిపోతారు. అప్పుడు ఛాతీ నేలవైపు తిరిగిపోయి భారమంతా నడుము మీద పడుతుంది. ఆ చేతి కింద ఒక చెక్క ఇటుక పెడితే వెన్ను సాగుతుంది, ఛాతీ విచ్చుకుంటుంది, ఊపిరి సాఫీగా ఆడుతుంది. ఇటుకలు, బెల్టులు, తాళ్ళు, కుర్చీలు ఆయన బోధనలోకి వచ్చింది వృద్ధులు, రోగులు కూడా ఆసనంలో నిలబడగలగాలనే. తన ఒళ్ళు సులువుగా వంగి ఉంటే, వంగనివాళ్ళ బాధ ఆయనకు అంతగా తెలిసేది కాదేమో.

1952లో వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనుహిన్‌తో పరిచయమయ్యాక పేరు విదేశాలకు పాకింది. 1975లో పుణెలో భార్య రమామణి పేరిట యోగా సంస్థ వెలిసింది. నాకు వీటికన్నా ముఖ్యంగా తోచేది 1979 నాటి సంగతి. స్కూటరు ప్రమాదంలో వెన్ను, మోకాళ్ళు దెబ్బతిన్నాయి. అరవై ఏళ్ళ వయసులో, ప్రపంచమంతా శిష్యులున్న మనిషి, తేలిక ఆసనాల నుంచి సాధన మళ్ళీ మొదలుపెట్టి ఏళ్ళ తరబడి శక్తి కూడదీసుకున్నారు. 2014లో 95 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. ముదిమి వచ్చాక కూడా సాధన మానలేదు.

మీరు ఏ శిక్షణ కేంద్రంలోనైనా చేరేముందు, అక్కడి గురువు సొంత సాధనకు రోజూ ఎంత సమయం ఇస్తారో అడగండి. మోకాళ్ళ నొప్పులతో వచ్చినవారికి ఎలా చెబుతున్నారో ఒక పూట కూర్చుని చూడండి. చూసి నాకు ఉత్తరం రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య