లోడ్ పడగానే బండి లాగడం లేదా? పంపు విప్పే ముందు ఇది చదవండి: అపోహలు, వాస్తవాలు

"మేస్త్రీ, పంపు పోయింది. విప్పి బిగించడానికి ఎన్ని రోజులు పడుతుంది?"

ఎక్స్‌కవేటర్లు, లోడర్లు బాగుచేసే నేను ఫోన్ ఎత్తగానే ఎక్కువగా వినే మాట ఇది. పంపు అంటే బూమ్, బకెట్‌లను నడిపే హైడ్రాలిక్ మెయిన్ పంపు. బండికి ఏమవుతోందో చెప్పకముందే జబ్బు పేరు చెప్పేస్తారు. ఎవరన్నారు అని అడిగితే పక్క సైట్ ఆపరేటర్ అన్నాడనో, విడిభాగాల షాపులో చెప్పారనో జవాబు. ఓనర్లను నేనేమీ అనను. బండి ఆగినా కిస్తీ ఆగదు, పని ఇచ్చినవాళ్లు గంటకోసారి ఫోన్ చేస్తుంటారు. ఆ టెన్షన్‌లో ఎవరు గట్టిగా చెబితే వాళ్ల మాటే నిజమనిపిస్తుంది. కానీ ప్రెజర్ గేజి పెట్టకుండా, ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) చూడకుండా "పంపే" అని తేల్చేసేవాళ్ల మీద మాత్రం నాకు కోపం. ఈ పనిలో ఇరవై ఏళ్లు దాటాయి. అవసరం లేకుండా విప్పిన పంపులను చూసినంతగా నిజంగా పోయిన పంపులను నేను చూడలేదు.

అపోహ: బకెట్ మట్టిలోకి దిగగానే బండి నీరసిస్తోందంటే మెయిన్ పంపు అరిగిపోయినట్టే.

పంపు పవర్‌ను పుట్టించదు. ఇంజన్ ఇచ్చిన పవర్‌ను ఆయిల్ రూపంలో సిలిండర్లకూ మోటార్లకూ చేరవేస్తుంది, అంతే. ఇంజన్‌కే డీజిలో గాలో సరిపడా అందకపోతే కొత్త పంపు బిగించినా బకెట్ మట్టిలోనే ఆగిపోతుంది.

ఈ అపోహ ఊరికే పుట్టలేదు. ఇప్పటి ఎక్స్‌కవేటర్లలో కంట్రోలర్ ఎప్పుడూ ఇంజన్ ఆర్‌పీఎంను గమనిస్తూ ఉంటుంది. లోడ్‌లో ఆర్‌పీఎం పడిపోతుంటే ఇంజన్ ఆగిపోకుండా పంపు ఫ్లోను తగ్గించేస్తుంది. అంటే నీరసం ఇంజన్‌దే అయినా బయటికి కనిపించేది బూమ్ (బండి పెద్ద చెయ్యి) నెమ్మదించడం. ఇంజన్ శబ్దం మరీ దిగజారదు. దాంతో పక్కన నిలబడి చూసేవాళ్లకు "ఇంజన్ బాగానే ఉంది, హైడ్రాలిక్‌లోనే దమ్ము లేదు" అనిపిస్తుంది. అక్కడినుంచి పంపు విప్పడం ఎంతో దూరం ఉండదు.

కాబట్టి నేను మొదట అడిగేది ఒక్కటే: లోడ్‌లో ఆర్‌పీఎం ఎంత పడుతోంది? హైడ్రాలిక్ ఆయిల్‌ను 50 డిగ్రీల దాకా వేడెక్కనివ్వండి. పవర్ మోడ్‌లో పెట్టి, థ్రాటిల్ ఫుల్ చేసి, ఆర్మ్‌ను (బూమ్ చివరున్న చెయ్యి) చివరిదాకా లాగి, రిలీఫ్ వాల్వ్ (ప్రెజర్ హద్దు దాటితే తెరుచుకునే వాల్వ్) మీద కొన్ని సెకన్లు పట్టుకోండి. కళ్లు మానిటర్ మీద ఉండాలి. ఆర్‌పీఎం మాన్యువల్‌లో ఇచ్చిన అంకెకంటే బాగా కిందికి పోతే ముందు వెతకాల్సింది ఇంజన్ వైపు. ఆర్‌పీఎం నిలబడి ఉండి బకెట్‌కు మాత్రం బలం లేకపోతే హైడ్రాలిక్ వైపు. కొన్ని బండ్లలో కంట్రోలర్ పాడైనప్పుడు వాడుకోవడానికి ఎమర్జెన్సీ పంప్ స్విచ్ ఉంటుంది. అది వేస్తే పైన చెప్పిన ఆర్‌పీఎం కాపలా తీసేసినట్టే. అప్పుడు ఇంజన్ దబ్బున కూర్చుందంటే అనుమానం ఇంకా బలపడుతుంది. పరీక్ష అయిపోగానే ఆ స్విచ్‌ను మామూలు స్థానంలోకి తెచ్చేయాలి.

ఒక మినహాయింపు ఉంది. ఫ్లో తగ్గించుకోవాల్సిన చోట పంపు తగ్గించుకోకపోయినా ఇంజన్ కూర్చుంటుంది. అప్పుడు టర్బో బూస్ట్ (టర్బో ఇంజన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి) నిండుగా ఉంటుంది, సైలెన్సర్ నల్లగా పొగ వదులుతుంది. ఇంజన్ తన శక్తినంతా పెట్టినా మోయలేకపోతోందన్నమాట. డీజిల్ అందక కూర్చునే ఇంజన్‌కు పొగ దాదాపు ఉండదు.

ఆర్‌పీఎం నిలబడి ఉంటే బండి నెమ్మదించిందా, బలం తగ్గిందా చూడండి. రెండూ ఒకటి కావు. వేగం ఫ్లోను బట్టి, బలం ప్రెజర్‌ను బట్టి ఉంటాయి. బూమ్ పైకి లేవడానికి, ఆర్మ్ లోపలికి రావడానికి ఎన్ని సెకన్లు పట్టాలో మాన్యువల్‌లో ఉంటుంది. ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు. ఒక్క ఫంక్షనే నీరసిస్తే లోపం ఆ లైన్‌లోని స్పూల్ (ఆయిల్ దారి తెరిచే కడ్డీ), పోర్ట్ రిలీఫ్ (ఆ లైన్‌కే ఉన్న రిలీఫ్ వాల్వ్), సిలిండర్ సీల్‌లలో ఎక్కడో ఉంటుంది, దానికోసం పంపు విప్పడం దండగ. అన్నీ ఒకేసారి నీరసిస్తే మొదట పైలట్ ప్రెజర్ (లివర్ కదిపితే స్పూళ్లను తెరిచే చిన్న ప్రెజర్) చూడండి. 20 టన్నుల తరగతి బండ్లలో ఇది సాధారణంగా 35 నుంచి 40 బార్ ఉంటుంది. అది పడిపోతే స్పూళ్లు పూర్తిగా తెరుచుకోవు, 350 బార్ ఇవ్వగల పంపు కూడా చేతులు కట్టుకుని కూర్చుంటుంది.

ఒక బండి గురించి చెప్పాలి. అది 20 టన్నుల ఎక్స్‌కవేటర్. నన్ను పిలిచేసరికే పంపు విప్పి, లోపలి కిట్ మార్చి, తిరిగి బిగించేశారు. పొద్దున స్టార్ట్ చేస్తే గంట, గంటన్నర బ్రహ్మాండంగా నడుస్తుంది. ఆ తర్వాత నీరసం. పావుగంట ఆపితే మళ్లీ మామూలు. ఓనర్ బండి చైన్ (ట్రాక్) మీద కూర్చుని, పంపు బిల్లులున్న ప్లాస్టిక్ కవర్‌ను మడతపెట్టడం, విప్పడం, మళ్లీ మడతపెట్టడం. ఆ చేతులు నాకు ఇప్పటికీ గుర్తు.

పొగ చూశాను, లేదు. ఆర్‌పీఎం చూశాను, పడుతోంది. డీజిల్ ట్యాంకు మూతలోని బ్రీదర్ (గాలి రంధ్రం) మూసుకుపోయినా సరిగ్గా ఇలాగే ఉంటుంది: డీజిల్ ఖాళీ అయ్యేకొద్దీ ట్యాంకులో వ్యాక్యూమ్ పెరిగి, ఇంజన్‌కు డీజిల్ అందించే ఫీడ్ పంపు లాగలేకపోతుంది. బండి నీరసించినప్పుడు మూత వదులు చేశాను. సుయ్‌మని గాలి లోపలికి పోలేదు, బండీ మారలేదు. అప్పుడు శుభ్రమైన క్యాన్‌లో డీజిల్ పోసి, పొట్టి హోస్‌తో నేరుగా ఫీడ్ పంపుకు కలిపాను. ఎంత లోడ్ వేసినా ఇంజన్ బెదరలేదు. ఇక లోపం ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య ఉండి తీరాలి.

ఆ మధ్య ఉన్న సక్షన్ హోస్ పైకి కొత్తదానిలా ఉంది. తీసి బ్లేడుతో నిలువునా కోశాను. లోపలి రబ్బరు పొర ఒకచోట ఊడి నాలుకలా వేలాడుతోంది. డీజిల్ వేడెక్కి ఆ పొర మెత్తబడ్డాక, లోడ్‌లో లాగుడు పెరిగితే అది తలుపులా మూసుకునేది. బండి ఆపితే వెనక్కి పడిపోయేది. ఓనర్ ఆ ముక్కను చేతిలోకి తీసుకుని, వేలితో ఆ పొరను అటూ ఇటూ కదుపుతూ చాలాసేపు చూశాడు. "దీనికా మేస్త్రీ, పంపు విప్పించింది?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

అందుకే పంపు మాటెత్తే ముందు ఇవి చూడండి. లోడ్ లేకుండా ఫుల్ థ్రాటిల్‌లో ఇంజన్ మాన్యువల్ చెప్పిన ఆర్‌పీఎం అందుకుంటోందా? ఒక లోడర్‌లో యాక్సిలరేటర్ పెడల్ కింద మట్టి పేరుకుని గట్టిపడిపోయింది. పెడల్ పూర్తిగా దిగడం లేదు, దాన్నే నెల రోజులుగా ఇంజన్ నీరసం అనుకుంటున్నారు. స్క్రూడ్రైవర్‌తో గీకితే పోయింది. తర్వాత ఎకో మోడ్‌లో ఉందేమో, వాటర్ సెపరేటర్‌లో నీళ్లున్నాయేమో, డీజిల్ ఫిల్టర్లు ఎప్పుడు మార్చారో చూడండి. సక్షన్ వైపు ఎక్కడైనా గాలి పీలుస్తోందేమో కూడా చూడాలి. లైన్ మధ్యలో పారదర్శకమైన హోస్ ముక్క పెడితే బుడగలు కంటికి కనిపిస్తాయి.

అపోహ: నల్ల పొగ వస్తోందంటే నాజిళ్లు (సిలిండర్లలోకి డీజిల్ చిమ్మేవి) పోయినట్టే.

నల్ల పొగ అంటే డీజిల్‌కు తగినంత గాలి అందడం లేదని. నాజిల్ ఎక్కువ డీజిల్ పోస్తూ ఉండొచ్చు, నిజమే. కానీ ముందు గాలి దారి చూడండి. ఎయిర్ ఫిల్టర్ ఇండికేటర్ ఎర్రగా ఉందా? టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు, అక్కడినుంచి ఇంజన్‌కు వెళ్లే రబ్బరు హోస్‌ల మీద టార్చి వేసి చూడండి. క్లాంపు వదులై బూస్ట్ కారేచోట నూనె కలిసిన దుమ్ము నల్లగా, విసనకర్రలా పరుచుకుని ఉంటుంది. లోడ్ పడ్డప్పుడే ఈల లాంటి చప్పుడు వస్తే ఇక సందేహమే అక్కర్లేదు.

ఫిల్టర్‌ను చైన్‌కేసి కొట్టి దులపడం మానేయండి. కాగితం చిరిగితే ఆ దుమ్ము నేరుగా టర్బోలోకి, లైనర్లలోకి పోతుంది. లోపలి సేఫ్టీ ఫిల్టర్‌ను గాలి కొట్టి మళ్లీ పెట్టకూడదు, మార్చాల్సిందే.

అపోహ: రిలీఫ్ వాల్వ్ రెండు చుట్లు బిగిస్తే పవర్ వచ్చేస్తుంది.

దీన్ని సలహాగా చెప్పేవాళ్లు ప్రమాదంతో ఆడుతున్నారు. లెక్క చూడండి. ఫ్లోను నిమిషానికి లీటర్లలో, ప్రెజర్‌ను బార్‌లో తీసుకుని గుణించి 600తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. రెండు పంపులూ కలిపి నిమిషానికి 420 లీటర్లు, 350 బార్ దగ్గర ఇవ్వాలంటే 245 కిలోవాట్లు కావాలి. 20 టన్నుల బండి ఇంజన్ దాదాపు 110 కిలోవాట్లది. అందుకే ప్రెజర్ పెరిగేకొద్దీ పంపు ఫ్లోను తగ్గించుకునేలా తయారుచేశారు. గట్టి నేలలో బకెట్ నెమ్మదించడం కొంతవరకు లోపమే కాదు. ప్రెజర్ పెంచితే ఇంజన్ పవర్ పెరగదు. హోస్‌లు పగులుతాయి, సీళ్లు పోతాయి, పక్కన మనిషి ఉంటే ప్రాణం మీదికి వస్తుంది. గేజి పెట్టి కొలిచాక, ప్రెజర్ నిజంగా తక్కువ ఉందని తేలితేనే మాన్యువల్ అంకెకు సెట్ చేయాలి.

అపోహ: ఒక్కో నాజిల్ పైపు వదులు చేస్తే ఏ సిలిండర్ పనిచేయడం లేదో తెలుస్తుంది.

పాత మెకానికల్ పంపు రోజుల్లో చేసేవాళ్లం. కామన్ రైల్ ఇంజన్ (అన్ని నాజిళ్లకూ ఒకే పైపు నుంచి ఎక్కువ ప్రెజర్‌తో డీజిల్ అందే రకం) నడుస్తుండగా ఆ నట్టు ముట్టుకోవద్దు. ఇలాంటి రైల్‌లో ప్రెజర్ 1,600 బార్ కూడా దాటుతుంది. ఆ డీజిల్ సన్నటి ధార చర్మంలోకి దూసుకుపోతుంది. బయట సూది గుచ్చినంత గాయమే కనిపించినా లోపల కండ చచ్చిపోతుంది. హైడ్రాలిక్ ఆయిల్ ధార తగిలినా అంతే. నొప్పి లేదని ఇంటికి వెళ్లకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, ఏ ధార తగిలిందో డాక్టర్‌కు చెప్పాలి. సిలిండర్ కటౌట్ పరీక్షకు (ఒక్కో సిలిండర్‌ను ఆపి చూడటానికి) డయాగ్నస్టిక్ టూల్ ఉంది, దాన్నే వాడండి.

మిగతావి త్వరగా.

సెన్సార్ పీకేస్తే పవర్ వస్తుందంటారు. ఇంజన్ వేడెక్కితే ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) కావాలనే పవర్ తగ్గిస్తుంది. ముందు రేడియేటర్ రెక్కల్లో ఇరుక్కున్న దుమ్ము కడగండి, ఎర్రర్ కోడ్ చదవండి.

పాత ఇంజన్ కదా, బోరుకొచ్చింది (సిలిండర్లు అరిగిపోయాయి) అంటారు. నిజంగా బోరుకొస్తే ఆయిల్ తాగుతుంది, బ్రీదర్ నుంచి ఊపిరి ఎక్కువగా కొడుతుంది, పొద్దున స్టార్టింగ్ కష్టమవుతుంది. ఇవేవీ లేకుండా పవర్ ఒక్కటే తగ్గితే ఇంజన్ విప్పకండి.

ఒక్కోసారి పవర్ తగ్గదు, ఎవరో తినేస్తుంటారు. చైన్ మరీ బిగుతుగా ఉన్నా, లోడర్‌లో ఒక చక్రం బ్రేక్ పట్టేస్తున్నా బండి ఈడ్చుకుంటూ పోతుంది. కాసేపు నడిపి నాలుగు హబ్‌ల దగ్గర టెంపరేచర్ గన్ పెడితే ఏది పట్టేస్తోందో తెలుస్తుంది. టర్బో లేని ఇంజన్ అయితే ఎత్తైన చోట ప్రతి 300 మీటర్లకు దాదాపు 3 శాతం పవర్ మామూలుగానే తగ్గుతుంది.

పంపు నిజంగా పోతే ఎలా ఉంటుంది?

చల్లగా ఉన్నప్పుడు బాగుండి, ఆయిల్ వేడెక్కి పలచబడ్డాక అన్ని ఫంక్షన్లూ నెమ్మదిస్తాయి, ఆర్‌పీఎం మాత్రం పడదు. కేస్ డ్రెయిన్ పైపు (పంపు లోపల కారిన ఆయిల్‌ను ట్యాంకుకు పంపేది) విప్పి, లోడ్‌లో నిమిషానికి ఎంత ఆయిల్ వస్తోందో కొలిస్తే మాన్యువల్ హద్దు దాటి ఉంటుంది. ఇంకో సాక్ష్యం ఫిల్టర్‌లో దొరుకుతుంది. తీసిన ఫిల్టర్‌ను పారేయకుండా కోసి, మడతలు విప్పి, తెల్లగుడ్డ మీద ఎండలో పరవండి. ఇత్తడి రంగు పొట్టు మెరిస్తే అది లోపలి పిస్టన్ షూల నుంచో వాల్వ్ ప్లేట్ నుంచో వచ్చి ఉంటుంది. అప్పుడు పంపు విప్పుదాం. విప్పినరోజే ట్యాంకు, కూలర్, పైపులు అన్నీ కడగాలి. లేకపోతే లైన్లలో మిగిలిన ఆ పొట్టే కొత్త పంపును కూడా గీకేస్తుంది.