క్షిపణికి ఏం కనపడుతుంది?

డీసీఎస్ వరల్డ్ లాంటి కంబాట్ ఫ్లైట్ సిమ్యులేటర్లు ఆడేవాళ్ల మధ్య ఏళ్ల తరబడి తెగని గొడవ ఒకటుంది. రాడార్ లక్ష్యాన్ని పట్టుకుంది, అంటే లాక్ బాగానే పడింది, దూరం నుంచి ఆమ్రామ్ అనే అమెరికా రాడార్ క్షిపణి వదిలాం, అవతలి విమానం పక్కకు తిరిగి రాడార్‌ను మభ్యపెట్టే లోహపు రేకుల మూటలు (చాఫ్) నాలుగు విసిరింది, మన క్షిపణి ఖాళీ గాల్లోకి పోయింది. ఇది గేమ్ తప్పని కొందరు, నిజంలోనూ ఇంతేనని కొందరు. ఇద్దరి మాటా కొంతవరకు నిజమే.

ఈ వాదనలో ముందుగా బయటికొచ్చేది వియత్నాం లెక్క. ఆ యుద్ధంలో అమెరికా ఆమ్రామ్‌కు ముందు తరం రాడార్ క్షిపణులైన స్పారోలను 612 ప్రయోగిస్తే కూలిన విమానాలు 56. వాటిలో కంటిచూపుకు అందని దూరంలో కూల్చినవి రెండే. రాడార్ క్షిపణులంటే ఇంతేనని చెప్పడానికి చాలామంది ఈ అంకెను వాడతారు. నాకు అది సరికాదనిపిస్తుంది. వదిలిన వాటిలో దాదాపు మూడింట రెండొంతులు అసలు సరిగ్గా పనే చేయలేదు. తేమ, ఎత్తి దించడంలో తగిలే దెబ్బలు, ఆనాటి సున్నితమైన ఎలక్ట్రానిక్స్, ఇలా కారణాలు చాలా. అదే సిమ్యులేటర్‌లో అయితే ప్రతి క్షిపణీ అప్పుడే పెట్టె విప్పినంత కొత్తగా ఉంటుంది. పాడైపోయిన క్షిపణుల లెక్కతో పాడవని క్షిపణిని కొలవకూడదు. మెరుగుపడిన స్పారోలు 1991 గల్ఫ్ యుద్ధంలో ఇరవైకి పైగా ఇరాక్ విమానాలను కూల్చాయి.

స్పారోకు సొంత రాడార్ లేదు. వదిలిన విమానం చివరిదాకా లక్ష్యం మీద రాడార్ కిరణం పట్టి ఉంచాలి, అక్కడి నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వనిని క్షిపణి వెంబడిస్తుంది. 1991లో సర్వీసులోకి వచ్చిన ఆమ్రామ్‌కు ముక్కులోనే రాడార్ ఉంది. కొంత దూరం తల్లి విమానం పంపే సమాచారంతో వెళ్లి, దగ్గర పడ్డాక తనే వెతుక్కుంటుంది. 1992 డిసెంబరు 27న ఇరాక్ మిగ్-25ను కూల్చి తొలి విజయం సాధించింది.

గొడవంతా ఆ 'తనే వెతుక్కోవడం' దగ్గరే. పై నుంచి కిందికి చూసే రాడార్‌కు నేల కూడా ప్రతిధ్వని పంపుతుంది. ఆ హోరులో విమానాన్ని విడిగా గుర్తుపట్టడానికి డాప్లర్ సూత్రం (వేగాన్ని బట్టి ప్రతిధ్వని మారడం) వాడతారు. నేల దగ్గరవుతున్న వేగం ఎంతో రాడార్‌కు తెలుసు, ఆ వేగంతో వచ్చే ప్రతిధ్వనులన్నిటినీ తీసి పారేస్తుంది. పైలట్ రాడార్‌కు సరిగ్గా 90 డిగ్రీలు అడ్డంగా తిరిగితే అతని విమానం ముందుకూ రాదు, వెనక్కీ పోదు. రాడార్ లెక్కలో అదీ నేలే. దీన్నే నాచింగ్ అంటారు. అయితే రాడార్ ఆ విమానం కంటే ఎత్తులో ఉండి, వెనక నేల ఉండేలా చూస్తేనే ఇది బాగా పనిచేస్తుంది. కింది నుంచి పైకి చూస్తే వెనక ఉండేది ఖాళీ ఆకాశమే, దాగడానికి హోరే లేదు.

పాత గేముల్లో ఈ బాధ లేదు. విమానం ఎక్కడుందో కంప్యూటర్‌కు తెలుసు కాబట్టి క్షిపణికీ తెలుసు. తప్పించుకోవడమా, చావడమా అన్నది ఒక సంభావ్యత అంకె తేల్చేది. 1998 చివర్లో వచ్చిన ఫాల్కన్ 4.0, 2003లో వచ్చిన లాక్ ఆన్ లాంటి సిమ్యులేటర్లు ఆటగాళ్ల ఆశలు పెంచాయి. తర్వాత డీసీఎస్ తయారీదారులు ఈగిల్ డైనమిక్స్ ఆమ్రామ్, స్పారోల చుట్టూ గాలి ప్రవాహాన్ని కంప్యూటర్‌లో లెక్కగట్టి, వాటికి దారి చూపే గైడెన్స్‌ను తిరగరాశారు. క్షిపణి పలచని గాలిలోకి ఎగబాకి వేగం దాచుకోవడం, మలుపు తిరిగిన ప్రతిసారీ కొంత పోగొట్టుకోవడం నమ్మేలా కనిపిస్తున్నాయి.

ఎగరడం వరకు లెక్క కుదురుతుంది. ఆకారం ఫొటోల్లో ఉంటుంది, బరువు అందరికీ తెలిసిందే. ఎఫ్-14 యుద్ధవిమానం మోసిన ఫీనిక్స్ క్షిపణి విషయంలో ఇంకో మేలు జరిగింది. అమెరికా నౌకాదళం దాన్ని 2004లో పక్కన పెట్టాక, అతివేగ పరీక్షలకు వాడుకోవచ్చేమోనని నాసా ఆలోచించింది. ఆ పత్రాలు బహిరంగంగానే ఉన్నాయి.

క్షిపణి ముక్కులో లక్ష్యాన్ని వెతికే భాగమైన సీకర్ లోపలి సంగతి అలా కాదు. చాఫ్ రేకుల మేఘాన్నీ విమానాన్నీ అది ఎలా విడదీస్తుందన్నది ఏ దేశమూ బయటపెట్టదు. అందుకే డీసీఎస్‌లో ఒక్కో క్షిపణి చాఫ్‌కు ఎంత మోసపోతుందో చెప్పే గుణకం పెట్టారు, చాఫ్ మూట విసిరినప్పుడల్లా ఒక పాచిక పడుతుంది. ఆటగాళ్లకు మండేది ఇక్కడే, వాళ్ల కోపంలో న్యాయం ఉంది. కానీ అసలు సమాచారం తెచ్చుకోవడం ఆటంత తేలిక కాదు. 2019లో ఒక రష్యన్ సిమ్యులేటర్ డెవలపర్ ఎఫ్-16 మాన్యువళ్ల కోసం ప్రయత్నించిన కేసులో అమెరికా కోర్టు బోనెక్కాడు.

అదే ఏడాది ఫిబ్రవరి 28న మన సైనికాధికారులు ఢిల్లీలో ఆమ్రామ్ శకలాన్ని విలేకరులకు చూపించారు. ముందు రోజు కశ్మీర్ సరిహద్దులో పాకిస్తాన్ వదిలిన క్షిపణి ముక్క అది. దానికి మన జవాబైన అస్త్ర క్షిపణిని రూపొందించింది హైదరాబాద్‌లోని రక్షణ పరిశోధన ప్రయోగశాల డీఆర్‌డీఎల్, తయారుచేస్తున్నది ప్రభుత్వ సంస్థ భారత్ డైనమిక్స్ (బీడీఎల్). రేపు ఎవరైనా అస్త్రను సిమ్యులేటర్‌లోకి తేవాలనుకుంటే పొడవు 3.8 మీటర్లు, బరువు 154 కిలోలు అని వెంటనే దొరుకుతుంది. చాఫ్ మేఘం ఎదురైనప్పుడు అదేం చేస్తుందో మాత్రం మళ్లీ ఊహించి రాసుకోవాల్సిందే.