ఎండలో ఆరేసినా పోని ముక్కవాసన

తువ్వాలు పొడిగా ఉన్నంతసేపూ ఏ వాసనా రాదు. స్నానం చేసి ఒళ్లు తుడుచుకోగానే ముక్కవాసన గుప్పుమంటుంది. ఉతికిందే కదా అని మళ్లీ ఉతుకుతాం, ఈసారి ఇంకాస్త డిటర్జెంట్ వేస్తాం. రెండు రోజులకే మళ్లీ అదే వాసన.

దీని వెనకున్న బాక్టీరియాను 2012లో జపాన్ పరిశోధకులు పట్టుకున్నారు. పేరు మొరాక్సెల్లా ఓస్లోయెన్సిస్. బట్టలో మిగిలిపోయిన ఒంటి జిడ్డు మీద బతుకుతూ, ఘాటైన వాసన గల ఒక ఆమ్లాన్ని వదులుతుంది. మామూలు ఉతుకుడుకు పోదు. బట్ట ఎండిపోయినా చావదు, అతినీలలోహిత కిరణాలను కూడా బాగా తట్టుకుంటుంది. అందుకే బట్ట ఆరితే ఊరుకుంటుంది, తడిస్తే మళ్లీ పని మొదలుపెడుతుంది. ఎండ మంచిదే. బట్టను త్వరగా ఆరబెట్టి వాసన పుట్టకుండా చూస్తుంది. కానీ ఒకసారి పట్టేసిన వాసనకు ఎండ ఒక్కటే చాలదు.

దానికి వేడి కావాలి. థర్మామీటర్ అక్కర్లేదు: మరిగే నీళ్లు ఒక వంతు, కుళాయి నీళ్లు ఒక వంతు కలిపితే దాదాపు 60 డిగ్రీలు వస్తాయి. ఇలా 5 లీటర్లు ప్లాస్టిక్ బకెట్‌లో పోసి, 2 టేబుల్ స్పూన్ల సోడియం పెర్‌కార్బొనేట్ వేసి కలపండి. ఆక్సిజన్ బ్లీచ్ పేరుతో అమ్మేది ఇదే. నీళ్లలో కరిగి హైడ్రోజన్ పెరాక్సైడ్‌నూ బట్టల సోడానూ ఇస్తుంది. మొదటిది బాక్టీరియాను చంపుతుంది, రెండోది జిడ్డును వదిలిస్తుంది. చల్లటి నీళ్లలో ఇది చాలా నెమ్మదిగా పనిచేస్తుంది, ‘వేశాం, ఏమీ కాలేదు’ అనేవాళ్లలో చాలామంది చేసే పొరపాటు అదే. గంట నుంచి రెండు గంటలు నానబెట్టి, మామూలుగా ఉతికి, రెండు మూడుసార్లు జాడించండి. మిగిలిన ద్రావణాన్ని సీసాలో పోసి మూత బిగించకండి, వాయువు పుడుతూ ఉంటుంది కాబట్టి సీసా పగలవచ్చు. తెల్లటి నూలు, తువ్వాళ్లు, దుప్పట్లకు ఇది బాగా నప్పుతుంది. పట్టు, ఉన్ని జోలికి మాత్రం పోవద్దు. రంగు బట్టయితే లోపలి అంచు తడిపి రంగు దిగుతుందేమో ముందే చూడండి.

బోరు నీళ్ల ఇళ్లలో ఇంకో చిక్కుంది. ఆ నీళ్లలోని కాల్షియం సబ్బుతో కలిసి కరగని తెట్టుగా మారి నూలుపోగులకు అంటుకుంటుంది. జిడ్డు దాని కింద దాక్కుంటుంది. చివరి జాడింపులో బకెట్‌కు అర కప్పు తెల్ల వెనిగర్ పోస్తే ఆ తెట్టు వదులుతుంది. వెనిగర్‌ను క్లోరిన్ బ్లీచ్‌తో ఎప్పుడూ కలపకూడదు, విషవాయువైన క్లోరిన్ వెలువడుతుంది. వంటసోడాతో కలిపి వాడటమూ దండగే: నురగ బాగానే వస్తుంది, కానీ రెండూ ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి.

చంకల దగ్గర చెమట వాసన పట్టిన పాలిస్టర్ టీషర్టులది వేరే సంగతి. పాలిస్టర్ నీటిని పీల్చుకోదు, నూనెను వదలదు. 2014లో బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయంలో 26 మంది సైకిల్ వ్యాయామం చేసి విడిచిన టీషర్టులను 28 గంటల తర్వాత పరీక్షిస్తే, నూలు కంటే పాలిస్టర్ బట్టలే ఎక్కువ కంపు కొట్టాయి. మైక్రోకాకస్ జాతి బాక్టీరియా కృత్రిమ దారాల మీదే బాగా పెరిగింది. చెమట వాసనకు ముఖ్య కారణం కొవ్వు ఆమ్లాలు కాబట్టి వాటికి క్షారం విరుగుడు. వంటసోడా తగిలితే అవి లవణాలుగా మారి, గాలిలోకి లేవకుండా నీళ్లతో పోతాయి. సాగే దారం ఉన్న బట్టలు ఎక్కువ వేడికి పాడవుతాయి గనుక ఆరు చెంబుల కుళాయి నీళ్లకు ఒక చెంబు మరిగే నీళ్లు చాలు, సుమారు 40 డిగ్రీలు. అందులో మూడు నాలుగు టేబుల్ స్పూన్ల సోడా వేసి అరగంట ఉంచి, చొక్కాను తిరగేసి, చంకల దగ్గర లిక్విడ్ డిటర్జెంట్ రుద్ది ఉతకండి. ఫాబ్రిక్ సాఫ్ట్‌నర్ మానేయండి. అది దారాల మీద మైనంలాంటి పూత వేసి, ఉన్న జిడ్డును లోపలే బంధిస్తుంది.

చేపల వాసనకు కారణం క్షార గుణమున్న ట్రైమిథైల్ అమీన్. అక్కడ సోడా పనికిరాదు, వెనిగరో నిమ్మరసమో కావాలి.

బీరువాలోని కలరా ఉండల వాసన ఉతికితే సరిగా పోదు, నాఫ్తలీన్ నీళ్లలో దాదాపు కరగదు. కానీ తనంతట తానే ఆవిరవుతుంది. పట్టుచీరను మడత విప్పి, నీడలో ఫ్యాను గాలికి ఒకటి రెండు రోజులు వేలాడదీస్తే చాలు. పసిపిల్లల బట్టల మధ్య మాత్రం ఈ ఉండలు పెట్టనే వద్దు. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న బిడ్డల్లో నాఫ్తలీన్ ఎర్ర రక్తకణాలను చిట్లగొట్టి, కామెర్లు ముదిరేలా చేయగలదు. పుట్టిన బిడ్డకు ఆ లోపం ఉందో లేదో చాలా ఇళ్లలో తెలియదు. అందుకే ఆ ఉండలతో దాచిన పాత పొత్తిగుడ్డలు, దుప్పట్లు బాగా గాలికి ఆరేసి, ఉతికి, వాసన పూర్తిగా పోయాకే బిడ్డకు వాడండి.