ఇంటి కంప్యూటర్‌కి ఆటో లాగిన్: అపోహలు - వాస్తవాలు

రాజోలులో కంప్యూటర్లు బాగుచేసే చిన్న కొట్టు నాది. సంక్రాంతి ముందు, వేసవి సెలవుల మొదట్లో ఒకటే మాట వింటుంటాను: "ఆన్ చెయ్యగానే నేరుగా తెరుచుకునేట్టు పెట్టండి, ఆ పాస్‌వర్డ్ గోల మావల్ల కాదు." దీన్నే ఆటో లాగిన్ అంటాం. పిల్లలూ మనవలూ దిగుతారు, హాల్లో ఉన్న ఒక్క కంప్యూటర్ దగ్గరే అందరూ. అడగడంలో తప్పేం లేదు, పెట్టిస్తాను కూడా. పెట్టే ముందు మాత్రం "ఎవరి అకౌంట్‌తో తెరుచుకోవాలండీ?" అని అడుగుతాను. "ఎవరిదేంటండీ, కంప్యూటర్ తెరుచుకుంటే చాలు" అంటారు. చిక్కంతా అక్కడే.

అపోహ: ఆటో లాగిన్ అంటే పాస్‌వర్డ్ తీసెయ్యడం

పాస్‌వర్డ్ ఎక్కడికీ పోదు. మీ బదులు విండోసే దాన్ని కొట్టుకుంటుంది, అంతే. ఈ ముక్క తెలియకే మా పక్క ఊళ్ళో ఒకాయన నానా తంటాలు పడ్డారు. కొడుకు కువైట్‌లో ఉంటాడు. వెళ్ళేముందు తన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కే ఆటో లాగిన్ పెట్టేసి వెళ్ళాడు. పక్కింటి కుర్రాడొకడు గేమ్‌కి చోటు చాలడం లేదని డిస్కులో పెద్దగా కనిపించిన ఫోల్డర్లు తీసేశాడు. అవి వన్‌డ్రైవ్‌తో, అంటే మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఆన్‌లైన్ నిల్వతో ముడిపడిన ఫొటోలు. ఇక్కడ తీసేస్తే అక్కడ కువైట్‌లో ఫోన్‌లోనూ మాయం. ఎవరో హ్యాక్ చేశారనుకుని కువైట్‌లో ఉన్న కొడుకు కంగారుగా పాస్‌వర్డ్ మార్చేశాడు.

మర్నాడు పొద్దున్నే ఈయన ఫోను. "ఆయ్, తప్పు పాస్‌వర్డ్ అంటోందండీ. నేను అసలు ఏమీ కొట్టలేదు కదా!" నిజమే, ఆయన కొట్టలేదు. మిషన్ తన దగ్గరున్న పాతది కొట్టుకుంది. కొత్తది అబ్బాయిని అడిగి వేస్తే తెరుచుకుంది. ఫొటోలు వన్‌డ్రైవ్ రీసైకిల్ బిన్‌లో దొరికాయి. మామూలు అకౌంట్లకు తీసేసినవి అందులో 30 రోజులుంటాయి. కుర్రాడు చేసింది వాళ్ళు వారంలోపే గమనించారు కాబట్టి సరిపోయింది.

ఇప్పుడు ఆ ఇంట్లో 'ఇల్లు' అని విడిగా ఒక అకౌంట్ ఉంది. మామూలుగా వాడుకోవడానికే పనికొచ్చే స్టాండర్డ్ అకౌంట్, మిషన్‌లో అన్నీ మార్చగలిగే అడ్మిన్ కాదు. ఆటో లాగిన్ దానికే. అబ్బాయి అకౌంట్‌కి పాస్‌వర్డ్ అలాగే ఉంది. మా వైపు పాత మండువా ఇళ్ళల్లో వీధి తలుపు పొద్దున తీస్తే మళ్ళీ పడుకోబోయే ముందే వెయ్యడం. బీరువా తాళం మాత్రం ఇంటావిడ నడుముకే. నేను పెట్టేదీ ఆ లెక్కే. 'ఇల్లు'లో బ్రౌజర్ తెరిస్తే ఎవరి మెయిలూ ఉండదు, ఎవరి వాట్సాప్ కలిపి ఉండదు, దాచిన పాస్‌వర్డ్‌లూ ఉండవు. చాలా ప్రోగ్రాములు ఎక్కించాలంటే అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. మనవడు అలుగుతాడు, అలగనివ్వండి.

అపోహ: పిన్ తెలిస్తే చాలు

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కితే వచ్చే గడిలో నెట్‌పీఎల్‌విజ్ (netplwiz) అని ఇంగ్లీషులో కొడతాం. అకౌంట్ల పట్టిక వస్తుంది. పైన "ఈ కంప్యూటర్ వాడాలంటే పేరు, పాస్‌వర్డ్ ఇవ్వాల్సిందే" అనే అర్థం వచ్చే టిక్కు ఉంటుంది. కావలసిన అకౌంట్‌ని ఎంచుకుని, ఆ టిక్కు తీసి ఓకే కొడితే పాస్‌వర్డ్ రెండుసార్లు అడుగుతుంది. అక్కడ అందరూ రోజూ కొట్టే నాలుగంకెల పిన్ కొట్టేస్తారు. అది తప్పని విండోస్ అప్పుడు చెప్పదు, నోరుమూసుకుని తీసుకుంటుంది. రీస్టార్ట్ చేశాక చెప్తుంది. అక్కడ ఇవ్వాల్సింది అసలు పాస్‌వర్డే.

టిక్కే కనబడటం లేదని కొందరు ఫోన్ చేస్తారు. సెట్టింగ్స్‌లో అకౌంట్స్, దాన్లో సైన్ ఇన్ ఆప్షన్స్‌లోకి వెళ్ళి, మైక్రోసాఫ్ట్ అకౌంట్లకు విండోస్ హలో (పిన్, వేలిముద్ర, ముఖంతో తెరిచే పద్ధతి) మాత్రమే అనుమతించే మీట ఆఫ్ చేసి, ఆ పట్టిక మూసి మళ్ళీ తెరవండి.

అపోహ: రిజిస్ట్రీలో పెట్టినా ఒకటే

ఒకటి కాదు. వీడియోల్లో చూపించేట్టు రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట, విన్‌లాగాన్ అనే భాగం కింద డిఫాల్ట్ పాస్‌వర్డ్ అని చేత్తో రాస్తే, అది చదవగలిగే అక్షరాల్లో అలాగే పడుంటుంది. నెట్‌పీఎల్‌విజ్ దారిలోనైనా, మైక్రోసాఫ్ట్ వాళ్ళ సిస్‌ఇంటర్నల్స్ ఆటోలాగాన్ టూల్‌తోనైనా ఎన్‌క్రిప్ట్ అయి, అంటే నేరుగా చదవలేని సంకేతాలుగా మారి దాగుతుంది. అడ్మిన్ హక్కులున్న తెలివైనవాడు దాన్నీ తియ్యగలడు. గోడకి రాసిపెట్టడానికీ, పెట్టెలో పెట్టడానికీ ఉన్నంత తేడా.

అపోహ: స్పీడ్ పెరుగుతుంది

పెరగదు. మీరు పాస్‌వర్డ్ కొట్టే నాలుగు సెకన్లు మిగులుతాయి. మిషన్ నత్తలా ఉంటే పాత హార్డ్ డిస్క్ బదులు వేగంగా నడిచే ఎస్ఎస్‌డీ వేయించండి.

అపోహ: ఒకరికి పెడితే మిగతావాళ్ళు వాడలేరు

స్టార్ట్ మెనూలో సైన్ అవుట్ కొడితే మామూలు లాగిన్ తెర వస్తుంది, మీ పేరు ఎంచుకుని మీ దాన్లోకి వెళ్ళొచ్చు. ఇంకొకటి: నిద్ర నుంచి లేపినప్పుడు పాస్‌వర్డ్ అడిగితే "మీరు పెట్టింది పోయిందండీ" అని తగువుకొస్తారు. అది వేరే సెట్టింగ్, అదే సైన్ ఇన్ ఆప్షన్స్‌లో ఉంటుంది.

అపోహ: పాస్‌వర్డ్ అడుగుతోంది కాబట్టి ఫైళ్ళు భద్రం

డిస్క్ ఎన్‌క్రిప్ట్ కాకపోతే, లైనక్స్ (విండోస్ లాంటిదే ఇంకో సిస్టమ్) ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టి బూట్ చేసి మొత్తం చదివెయ్యొచ్చు, పాస్‌వర్డ్ ఊసే రాదు. డిస్క్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ వాళ్ళ బిట్‌లాకర్ ఉంటే అలా కుదరదు. కానీ బిట్‌లాకర్ ఉన్న మిషన్‌కి మీ సొంత అకౌంట్‌తో ఆటో లాగిన్ పెట్టారనుకోండి, ఎత్తుకుపోయినవాడు స్విచ్ వేస్తే చాలు, అదే తెరిచి చూపిస్తుంది. యాపిల్ మ్యాక్‌లో ఈ తంటా లేదు, బిట్‌లాకర్ లాంటి ఫైల్‌వాల్ట్ ఆన్‌లో ఉంటే ఆటో లాగినే పెట్టనివ్వదు. ఈ దొంగ భయం వల్లే అమలాపురం బస్సులో తిరిగే ల్యాప్‌టాప్‌కి ఎవరు బతిమాలినా నేను పెట్టను. హాల్లో కదలకుండా ఉండే డెస్క్‌టాప్ వేరే సంగతి. రొయ్యల మేత కొట్టులో సీసీ కెమెరాల మిషన్‌కైతే నేనే పెట్టమంటాను. కరెంటు వచ్చాక తనంతట తాను ఆన్ అయ్యేట్టు బయోస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే మిషన్ సొంత సెట్టింగులు) పెట్టి, దానికి ఆటో లాగిన్ కలిపితే ఓనరు అర్ధరాత్రి లేచి రావక్కర్లేదు.

ఇక పాస్‌వర్డ్ రోజూ కొట్టకపోతే మర్చిపోతాం. కాగితం మీద రాసి బీరువాలో పెట్టమని అందరికీ చెప్తాను. ఒక ఇంట్లో క్యాలెండర్ వెనక రాశారు. జనవరి వచ్చింది, కొత్త క్యాలెండర్ వచ్చింది. అప్‌డేట్ ఏదో అయి మిషన్ పాస్‌వర్డ్ అడిగింది. ఇల్లంతా వెతికితే పాత క్యాలెండర్ వంటింటి అరలో పరిచి ఉంది, ఆవకాయ జాడీ కింద. చివరి రెండక్షరాలు నూనె మరకలో కలిసిపోయాయి. ఆ రెండూ ఏమిటో ఇంటావిడ మామిడికాయ తరుగుతూ చెప్పేసింది. పెద్దమనవరాలి పుట్టినరోజట.