పిల్లలే నేర్చుకుంటే టీచరుకేం పని? స్వయం అభ్యసనం మీద అపోహలు, వాస్తవాలు

శిక్షణా తరగతుల్లో ‘మీరిక బోధకులు కాదు, మార్గదర్శకులు’ అని చెప్పి పంపేస్తారు. సోమవారం రెండో పీరియడ్‌లో 48 మంది ముందు నిలబడ్డాక ఆ మాటతో ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు. హైస్కూలు తరగతులు చెప్పేవాళ్ళకు స్టాఫ్‌రూముల్లో తరచూ వినిపించే మాటలివి. వాటి పక్కనే అసలు సంగతి.

అపోహ: స్వయం అభ్యసనమంటే టీచరు పక్కకు తప్పుకోవడం

దీనికి అందరూ చూపించే ఉదాహరణ 1999లో ఢిల్లీ కల్కాజీలో విద్యా పరిశోధకుడు సుగతా మిత్రా గోడలో అమర్చిన కంప్యూటరు. ఎవరూ నేర్పకుండానే బస్తీ పిల్లలు దాన్ని వాడటం నేర్చుకున్నారు, నిజమే. కానీ ఆ తర్వాత తమిళనాడులోని కాళికుప్పంలో ఏం జరిగిందో చెప్పరు. అక్కడి పిల్లలు సొంతంగా నేర్చుకుంటూ కొంతదూరం వెళ్ళారు. సబ్జెక్టు తెలియకపోయినా పక్కన కూర్చుని ‘భలే చేశావే, ఇదెలా వచ్చింది, మళ్ళీ చూపించు’ అనే తోడు దొరికాక ఇంకా ముందుకెళ్ళారు. ఏమీ తెలియని తోడే అంత చేస్తే, సబ్జెక్టు తెలిసిన టీచరు ఎంత చేయాలి?

నిజానికి పని తగ్గదు, వేళ మారుతుంది. పాఠం మనమే చెప్పేటప్పుడు శ్రమంతా పీరియడ్‌లో ఉంటుంది. పిల్లల చేతికిచ్చినప్పుడు పీరియడ్‌కు ముందే ఉంటుంది: ఏ ప్రశ్న ఇవ్వాలి, ఎక్కడ చిక్కుకుంటారు, చిక్కుకున్నప్పుడు ఏం అడగాలి. ఈ మూడూ రాసుకోకుండా వెళితే ఆ గంట గోలగానే మిగులుతుంది.

అపోహ: ఇది తెలివైన పిల్లలకే, ఏసీ స్కూళ్ళకే

మన నేల మీద దీన్ని చేసి చూపించినవి మదనపల్లె దగ్గర రిషివ్యాలీ పాఠశాల చుట్టుపక్కల పల్లెల్లోని చిన్న బడులు. ఒకే టీచరు, ఒకే గదిలో అన్ని తరగతులు, ఇంట్లో చదువుకున్నవాళ్ళు లేని పిల్లలు. అక్కడ పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. కార్డుకో బొమ్మ గుర్తు, ఓ అంకె ఉంటాయి. తాను ఈ కార్డుల నిచ్చెనలో ఏ మెట్టు మీదున్నాడో పటంలో పిల్లవాడే చూసుకుని, ఆ కార్డు తీసుకుని, దానికి తగ్గ గుంపులో కూర్చుంటాడు. చెన్నై కార్పొరేషన్ బడుల్లో 2003లో మొదలై తమిళనాడంతా పాకిన కార్డుల పద్ధతికి మూలం ఇదే.

అందులో మనం పట్టుకోవలసింది కార్డులకంటే ఆ గుంపులను. కొత్త విషయం మొదలయ్యే చోట టీచరు పూర్తిగా పక్కనే ఉంటారు. తర్వాతి గుంపును అప్పుడప్పుడు చూస్తారు. ఆపైన తోటిపిల్లల సాయం, చివరికి ఒంటరిగా చేయడం. అంటే సాయం మెట్టుమెట్టుకూ తగ్గుతూ వస్తుంది. ఒకే అమ్మాయి జీవశాస్త్రంలో చివరి మెట్టులోనూ, లెక్కల్లో మొదటి మెట్టులోనూ ఉండొచ్చు. కాబట్టి పిల్లల పేరు పక్కన ‘స్లో’ అని రాసుకోకండి, ఏ పాఠంలో ఏ మెట్టో రాసుకోండి.

అపోహ: మెంటరు (మార్గదర్శకుడు) సమాధానం చెప్పకూడదు, ప్రశ్నకు ప్రశ్నే వేయాలి

ఎక్కువ నష్టం చేసేది ఇదే. మూడు రకాల విషయాలు వెంటనే చెప్పేయాలి. ఒకటి, నలుగురూ కలిసి పెట్టుకున్న పేర్లు, గుర్తులు, ప్రమాణాలు. ‘డోలనావర్తన కాలం’ (లోలకం ఒకసారి ఊగి రావడానికి పట్టే సమయం) అనే పేరును ఏ పిల్లవాడూ ఆలోచించి కనిపెట్టలేడు. రెండు, ప్రమాదం ఉన్నచోట జాగ్రత్త. ఆమ్లంలో నీళ్ళు పోయకూడదు, నీళ్ళలోనే ఆమ్లం కొద్దికొద్దిగా పోయాలి అన్నది ప్రయోగం చేసి తెలుసుకునే సంగతి కాదు. మూడు, బొత్తిగా కొత్త పద్ధతి. ఎనిమిదో తరగతిలో ఏకచరరాశి సమీకరణాలు మొదలుపెడుతూ ‘మీరే సాధించండి’ అంటే సగంమంది అంకెలు వేసి సరిపోయేదాకా ఊహిస్తారు, పద్ధతి రాదు. మొదట రెండు లెక్కలు పూర్తిగా చేసి చూపండి. మూడోదానిలో చివరి మెట్టు ఖాళీ వదలండి, నాలుగోదానిలో చివరి రెండు మెట్లు. ఐదోది మొత్తం వాళ్ళకే.

మిగతా చోట్ల ఆగాలి. ఎలా ఆగాలో లోలకం దగ్గర చూద్దాం. దారానికి ఒక నట్టు కట్టి, ఊగే కాలం దేనిమీద ఆధారపడుతుందో గుంపులు తేల్చాలి: పొడవా, బరువా, ఎంత పక్కకు లాగి వదిలామన్నదా? దారం పొడవు 25 సెంటీమీటర్లయితే ఒక డోలనానికి సుమారు 1 సెకను, మీటరైతే సుమారు 2 సెకన్లు. ఇది మన దగ్గర రాసి ఉండాలి, పిల్లలకు చెప్పకూడదు.

ఓ గుంపు వచ్చి ‘సార్, బరువు పెంచితే నెమ్మదిస్తోంది’ అంటుంది. పట్టికలో ఒక నట్టుకు 20 డోలనాలు 20 సెకన్లు, మూడు నట్లకు దాదాపు 21 సెకన్లు. పిల్లలు అబద్ధం రాయలేదు. నట్లను ఒకదాని కింద ఒకటి వేలాడదీశారు. బరువు మధ్యభాగం 2 సెంటీమీటర్లు కిందికి దిగి, లోలకం పొడవు 27 అయింది. ‘తప్పు, బరువుతో సంబంధం లేదు’ అనేస్తే ఆ అరగంట దండగ. ‘పొడవు ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా కొలిచారు?’ అని ఒక్కటి అడిగి పక్క గుంపు దగ్గరికి వెళ్ళిపోవాలి. వెళ్ళిపోవడం ముఖ్యం. నిలబడితే మన ముఖం చూసి జవాబు చెబుతారు.

ఇంకో గుంపుకు 25 సెంటీమీటర్లకే 19 సెకన్లు వస్తుంది. నట్టు వదిలేటప్పుడే ‘ఒకటి’ అని లెక్క మొదలుపెట్టారన్నమాట. 20 అన్నారు గానీ ఊగింది 19 సార్లే. వీళ్ళకు ప్రశ్న కంటే ‘నేను లెక్కపెడతాను, మీరు వినండి’ అని ‘సున్నా’తో మొదలుపెట్టి చూపడం మేలు.

సాయం వరస ఇలా ఉంచుకుంటే తడబాటు ఉండదు. ముందు ‘ఇప్పటిదాకా చేసింది చదివి వినిపించు’ అనండి. చాలాసార్లు చదువుతూనే తప్పు పట్టుకుంటారు. కదలకపోతే చూడవలసిన చోటు చూపే ఒక ప్రశ్న. అప్పటికీ కాకపోతే రెండు దారులిచ్చి ఎంచుకోమనడం. ఆ తర్వాత అలాంటిదే వేరే లెక్క చేసి చూపడం. చివరికి నేరుగా చెప్పేయడం. ఒక్కో మెట్టుకు రెండు నిమిషాలు చాలు. అంతకుమించి ఒకే చోట తిప్పలు పడితే నేర్చుకునేది ‘నాకు రాదు’ అన్న సంగతే.

అడిగాక నోరు మూసుకోవడమూ అభ్యాసం చేయవలసిందే. ప్రశ్న వేశాక టీచర్లు సగటున సెకను సేపే ఆగుతారని అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో తరగతి గదుల రికార్డింగులు విని తేల్చారు. మూడు సెకన్లు దాటి ఆగినప్పుడు పిల్లల జవాబులు పొడవయ్యాయి, ‘తెలీదు’లు తగ్గాయి. మనసులో నెమ్మదిగా మూడు లెక్కపెట్టండి. మొదట్లో యుగంలా ఉంటుంది.

అపోహ: ఏం నేర్చుకోవాలో పూర్తిగా పిల్లల ఇష్టం

చేరవలసిన చోటు పాఠ్యప్రణాళికదే. దారి, వేగం, చూపించే తీరు పిల్లలవి. పని మొదలయ్యే ముందు అరఠావు మీద ఐదు మాటలు రాయించండి: నా ప్రశ్న ఏమిటి, ఏం చేస్తాను, ఎప్పటికి, వచ్చిందని ఎలా చూపిస్తాను, ఎక్కడ ఆగిపోతానని అనుమానం. మొదటి మూడూ గబగబా నింపేస్తారు. నాలుగోది ఖాళీగా ఉంటుంది, లేకపోతే ‘బాగా చదువుతాను’ అని ఉంటుంది. ఆ కాగితం వెనక్కివ్వండి. ‘పుస్తకం చూడకుండా బొమ్మ గీసి భాగాలు గుర్తిస్తాను’ లాంటి మాట వచ్చేదాకా పని మొదలుకాకూడదు. ఐదోది మనకోసం: ఆ గుంపు దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలో అదే చెబుతుంది.

అపోహ: 48 మందిని ఒక్కరెలా చూస్తారు?

రోజూ అందరినీ చూడలేరు, చూడాలని ప్రయత్నించకండి కూడా. నలుగురేసి 12 గుంపులు. 45 నిమిషాల్లో మొదటి 5 పని చెప్పడానికి, చివరి 10 ముగింపుకు పోగా మిగిలేది 30. అందరికీ పంచితే గుంపుకు రెండున్నర నిమిషాలు, ఎవరికీ ఒరిగేదేం లేదు. రోజుకు నాలుగు గుంపుల దగ్గర ఐదేసి నిమిషాలు కూర్చోండి, మిగతా పది నిమిషాలు నడుస్తూ చూడండి. మూడు రోజులకు ఒక చుట్టు పూర్తవుతుంది. చేతిలో చిన్న నోటుపుస్తకం, గుంపుకో పేజీ, తారీఖు వేసి ఒక్క వాక్యం: ‘పొడవు కొలత సరిచేసుకున్నారు, గ్రాఫు రాలేదు.’

అపోహ: ట్యాబు ఇస్తే సరి

2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు ప్రభుత్వం ట్యాబులిచ్చింది. పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లూ ఉన్నాయి. వీడియో చూడటం, వినడం కూడా పాఠం వినడం లాంటిదే. ఆపి ఏదైనా చేయిస్తేనే పనికొస్తుంది. ఐదు నిమిషాల వీడియోకు రెండు చోట్ల ఆపమని, ఆగిన చోట ‘తర్వాత ఏమవుతుంది?’ రాయమని చెప్పండి. ఇంతకుమించి దీనికి చెప్పేదేమీ లేదు.

అపోహ: తమకేం వచ్చో రాదో పిల్లలకు తెలుసు

తెలియదు, పెద్దవాళ్ళకూ తెలియదు. రోడిగర్, కార్పికె అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగంలో కొందరు ఒక పాఠ్యభాగాన్ని మళ్ళీ మళ్ళీ చదివారు, కొందరు చూడకుండా గుర్తుచేసుకుని రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్షలో చదివినవాళ్ళదే పైచేయి. వారం తర్వాత తారుమారైంది. అయినా మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళే తమకు బాగా గుర్తుంటుందని ధీమాగా ఉన్నారు.

అందుకే ‘అర్థమైందా?’ అన్న ప్రశ్న మానేయండి. పీరియడ్ చివరి పది నిమిషాల్లో పుస్తకాలు మూయించి ఐదు నిమిషాలు రాయించండి, తర్వాత పుస్తకం తెరిచి వాళ్ళచేతే ఎర్ర పెన్నుతో దిద్దించండి. ఆ కాగితానికి మార్కులు వేయొద్దు. వేస్తే పక్కవాడి కాగితంలోకి చూస్తారు, మనకు కావలసిన సమాచారం పోతుంది.

అపోహ: ఇలా చేస్తే సిలబస్ పూర్తవదు

ప్రతి పాఠాన్నీ ఇలా చేస్తే నిజంగానే పూర్తవదు. కొలిచి, చేసి, పోల్చి చూడగలిగిన పాఠాలు యూనిట్‌కు ఒకటి ఎంచుకోండి. నిర్వచనాల పాఠాలు మనమే చెప్పేయడం తక్కువ ఖర్చు.

అపోహ: ప్రాజెక్టు రికార్డు ఇచ్చారంటే నేర్చుకున్నట్టే

ఫార్మేటివ్ (ఏడాది మధ్యలో జరిగే నిర్మాణాత్మక మూల్యాంకనం) దగ్గర పడగానే ఇంటర్నెట్ సెంటర్ల ముందు వరస చూస్తేనే తెలుస్తుంది. అట్ట మీద మెరుపులు, లోపల ప్రింటవుట్లు. తప్పు పిల్లలది కాదు. ‘నీటి కాలుష్యం’ అని శీర్షిక ఇస్తే వచ్చేది అదే. ‘మీ వీధిలోని ఐదిళ్ళలో రోజుకు ఎన్ని బిందెల నీళ్ళు, దేనికి ఎన్ని?’ అని ఇస్తే ఏ సెంటర్లోనూ దొరకదు. రికార్డు తీసుకునేటప్పుడు గుంపుకు మూడు నిమిషాలు మాట్లాడండి. పట్టికలో ఒక అంకె మీద వేలు పెట్టి ‘ఇదెలా వచ్చింది?’ అనండి, తర్వాత ‘మళ్ళీ చేస్తే ఏం మారుస్తారు?’ అనండి. గుంపులో ఎవరు జవాబివ్వాలో మీరే ఎంచుకోండి, లేకపోతే లీడరే చెబుతాడు. 12 గుంపులకు 36 నిమిషాలు. ఒక పీరియడ్‌లో అయిపోతుంది, రికార్డులు ఇంటికి మోయనక్కర్లేదు.