పుంజు పోయాక మిగిలిన మూడు వారాలు

తరాల తరబడి ఏరి ఏరి నిలుపుకున్న బ్రీడర్ పుంజు ఒక తెల్లవారి గూట్లో చచ్చి పడి ఉంటే, పెంచినవాళ్ల నోట మొదట వచ్చే మాట "అంతా అయిపోయింది" అనే. ఆ బాధ చిన్నదేం కాదు. ఏళ్ల ఎంపిక, ఓపిక, మేపు అన్నీ ఆ ఒక్క పక్షిలో పోగుపడి ఉంటాయి. కానీ నిజానికి అంతా అయిపోలేదు. ఆ పుంజు ఆఖరిసారిగా తొక్కిన పెట్టల కడుపులో దాని వీర్యకణాలు ఇంకా రెండు వారాలు, కొన్నిటిలో మూడు వారాల దాకా బతికే ఉంటాయి. ఆ గడువులో పెట్టే గుడ్లలో చాలావరకు దాని పిల్లలే ఉంటాయి. దుఃఖంలో చేతులు ముడుచుకు కూర్చున్నా, కంగారులో మర్నాడే ఇంకో పుంజును తెచ్చి వదిలినా ఈ అవకాశం చేజారిపోతుంది.

ఇది ఎలా సాధ్యమో తెలిస్తే తర్వాత చేయాల్సిన పనులన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. పెట్ట అండవాహికలో గుడ్డుకు పెంకు పట్టే గది ఒకటి ఉంటుంది. అది కింది గొట్టంతో కలిసే చోట, లోపలి పొర ముడతల్లో కంటికి కనిపించనంత సన్నని గొట్టాలు వేల సంఖ్యలో ఉంటాయి. పుంజు తొక్కినప్పుడు లోపలికి చేరే కోట్లాది కణాల్లో నూటికి ఒకటో రెండో మాత్రమే ఈ గొట్టాల్లోకి ఈదుకుంటూ వెళ్లగలవు. చేరినవి అక్కడే నిలవ ఉంటాయి. కోడి ఒంటి వేడి దాదాపు 41 డిగ్రీల సెల్సియస్. అంత వేడిలోనూ ఆ గొట్టాల గోడలు వాటిని వారాల తరబడి కాపాడతాయి. అక్కడి నుంచి రోజూ కొన్ని కొన్ని బయటపడి పైకి, గరాటు ఆకారంలో ఉండే భాగానికి చేరతాయి.

పెట్ట గుడ్డు పెట్టిన అరగంటకు అటూ ఇటూగా తర్వాతి పచ్చసొన అండాశయం నుంచి విడుదలవుతుంది. వీర్యకణం దాన్ని చేరడానికి ఉన్న సమయం పావుగంట మాత్రమే. ఆ తర్వాత తెల్లసొన చుట్టుకుంటుంది, దారి మూసుకుపోతుంది. గుడ్డు తయారై బయటికి రావడానికి 24 నుంచి 26 గంటలు పడుతుంది. అంటే ఈరోజు గూట్లో దొరికిన గుడ్డు నిన్న ఫలించినది. పుంజు పోయిన రోజు గుడ్డు, ఆ మర్నాటి గుడ్డు కూడా అపురూపమైనవే, వంటింటికి పంపకండి. మొదటి వారం గుడ్లు దాదాపు ఎప్పటిలాగే పిల్లలవుతాయి. రెండో వారంలో తగ్గుదల మొదలవుతుంది, మూడో వారంలో ఒక్కో పెట్ట ఒక్కోలా ఉంటుంది. కంజుపిట్టల్లో ఈ గడువు ఇంకా తక్కువ. టర్కీ పెట్టల్లో మాత్రం ఏకంగా పది వారాల దాకా సాగుతుంది.

కొత్త పుంజును వెంటనే వదలకూడదనడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. పెట్ట లోపల చివరగా చేరిన వీర్యానికే పైచేయి. పాత నిల్వ రోజురోజుకూ కారిపోతూ పలచబడుతుంటే కొత్తది నిండుగా వచ్చి చేరుతుంది. రెండు మూడు రోజుల్లోనే గుడ్లలో ఎక్కువ భాగం కొత్త పుంజువి అవుతాయి, ఏది ఎవరిదో చెప్పలేని కలగాపులగం మిగులుతుంది. మీ దొడ్లో ఎదిగిన కుర్ర పుంజులు తిరుగుతుంటే వాటినీ ఆ రోజే వేరు చేయండి. పెద్ద పుంజు భయంతో అంతవరకూ తొక్కని కుర్రవి, అది పోయిన పూటే మొదలుపెడతాయి.

ఇక చనిపోయిన పుంజు సంగతి. ఉన్నట్టుండి చావడానికి కారణాలు చాలా ఉంటాయి. ఎండ దెబ్బ, గుండె ఆగడం, పాము కాటు, విషం తినడం ఇవి ఒక రకం. కొక్కెర తెగులు, బర్డ్ ఫ్లూ, కోళ్ల కలరా ఇంకో రకం. మొదటి రకమైతే నష్టం ఒక్క పుంజుతో ఆగుతుంది. రెండోదైతే మందంతా ప్రమాదంలో ఉన్నట్టే, గుడ్లు పొదిగించే ఆలోచన కూడా ఆపేయాల్సి ఉంటుంది. అందుకే పోస్ట్‌మార్టమ్ చేయించడం ఖర్చు దండగ అనుకోవద్దు. ఈకల కింద వేడి గంటల తరబడి నిలిచి లోపలి అవయవాలు త్వరగా కుళ్లిపోతాయి. గ్లవ్స్, మాస్కు వేసుకుని కళేబరాన్ని సబ్బు కలిపిన చల్లటి నీళ్లలో ఈకల కిందికంటా తడిపి, రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి ఐసు మీద పెట్టి 24 గంటల్లోగా పశువైద్య ప్రయోగశాలకు చేర్చండి. డీప్ ఫ్రీజర్‌లో గడ్డకట్టించకూడదు. గడ్డకడితే కణజాలం చిట్లిపోయి సూక్ష్మదర్శినిలో చూడటానికి ఏమీ మిగలదు. ఒకటి కంటే ఎక్కువ కోళ్లు చనిపోయినా, తల వాచి, తల మీది ఎర్రని జుట్టు, గడ్డం కింద వేలాడే తోలు నల్లబడినా మీరుగా కోసి చూడొద్దు, పశువైద్యాధికారికి కబురు చేయండి. ఫలితం వచ్చేదాకా గుడ్లు దాచి ఉంచవచ్చు, పొదగేయకుండా ఆగవచ్చు.

ఈ పరీక్ష వల్ల మనసుకు కూడా ఒక మేలు ఉంది. "నిన్న సాయంత్రం బాగానే ఉంది, నేనే ఏదో గమనించలేదు" అన్న ఆలోచన చాలామందిని నెలల తరబడి తొలిచేస్తుంది. కోళ్లు జబ్బును దాచుకునే పక్షులు. బలహీనంగా కనిపిస్తే మందలో పై స్థానం పోతుంది, వేటాడే జంతువు కన్ను పడుతుంది. అందుకే పుంజు నిలబడగలిగినంతసేపూ నిటారుగానే నిలబడుతుంది, కూతా ఆపదు. గుండె జబ్బు లాంటివి కోసి చూస్తే తప్ప బయటపడవు. కారణం కాగితం మీద కనిపిస్తే చాలావరకు ఆ తొలిచే ప్రశ్న ఆగుతుంది. ఆగకపోయినా, తర్వాతి పుంజుకు ఏం జాగ్రత్త కావాలో తెలుస్తుంది.

చావు కళ్లెదుటే జరిగి, అంటురోగం కాదని తేలి, చెయ్యి తిరిగిన పశువైద్యుడు దగ్గరే ఉంటే ఇంకో దారి ఉంది. పుంజు మూత్రపిండాల వెంబడి మెలికలు తిరిగి ఉండే తెల్లని వీర్యనాళాల్లో పరిపక్వమైన వీర్యం నిలవ ఉంటుంది. దాన్ని తీసి పెట్టలకు కృత్రిమ గర్భధారణ చేయవచ్చు. వృషణాల్లోని కణాలు ఇందుకు పనికిరావు, అవి ఇంకా పండలేదు. కళేబరం ఒంటి వేడిలో కణాల సత్తువ త్వరగా పడిపోతుంది కాబట్టి గంటలు గడిచాక ఈ ఆశ పెట్టుకోవద్దు. గుడ్డు పెట్టడం అయిపోయిన పెట్టలకే, మధ్యాహ్నం దాటాక చేయాలి. లోపల పెంకు గట్టిపడిన గుడ్డు ఉంటే వీర్యం నిలవదు.

చాలామంది చేతిలో ఉండేది మాత్రం గుడ్లే, కాబట్టి శ్రద్ధంతా వాటి మీద పెట్టండి. పెట్టల చోటు మార్చకండి, మేత మార్చకండి, వెలుతురు గంటలు తగ్గనివ్వకండి. ఈ మూడింటిలో ఏది మారినా గుడ్లు ఆగిపోవచ్చు, ఇప్పుడు ఆగిన గుడ్డు మళ్లీ రాదు. గుడ్లు గూట్లో పోగుపడితే పెట్ట పొదుగుకు కూర్చుని పెట్టడం మానేస్తుంది, అందుకే రోజుకు రెండు మూడుసార్లు ఏరాలి. ప్రతి గుడ్డు మీద పెన్సిల్‌తో తేదీ, ఏ పెట్టదో రాయండి. పెట్ట గుర్తు ఎందుకంత ముఖ్యమో కింద జతల దగ్గర చెబుతాను. గుడ్లు కడగకూడదు, పెంకు మీది సహజపు పూత పోతే క్రిములు లోపలికి వెళతాయి. మురికి ఉంటే పొడి గుడ్డతో తుడవండి. వెంట్రుకవాసి చీలిక ఉన్న గుడ్డును మామూలుగా పారేస్తాం, ఈ మూడు వారాల్లో మాత్రం కరిగిన మైనం ఒక చుక్క వేసి చీలిక మూసి పొదిగించి చూడొచ్చు.

నిలవ పెట్టడంలోనే ఎక్కువ గుడ్లు పాడవుతాయి. దాదాపు 20 డిగ్రీలకు దిగువన పిండం ఎదుగుదల ఆగి నిద్రాణంగా ఉంటుంది. గది 28 డిగ్రీలుంటే ఎదగడం మొదలవుతుంది గానీ సరిగా ఎదగడానికి ఆ వేడి చాలదు, బలహీనపడి చనిపోతుంది. మామూలు ఫ్రిజ్ 4 డిగ్రీల చలి కూడా దాన్ని దెబ్బతీస్తుంది. కావాల్సింది 15 నుంచి 18 డిగ్రీలు, గాలిలో తేమ 75 శాతం. థర్మోకోల్ పెట్టెలో గుడ్డ చుట్టిన ఐసు సీసాను గుడ్లకు తగలకుండా ఒక మూల పెట్టి, ఒక థర్మామీటరు ఉంచి, రోజుకు రెండుసార్లు సీసా మారిస్తే ఈ వేడి నిలుస్తుంది. గుడ్డు సన్నని కొన కిందికి ఉండాలి. వారం దాటి ఉంచాల్సి వస్తే ట్రేను రోజుకోసారి ఒక పక్క నుంచి ఇంకో పక్కకు వాల్చండి. వారం దాటాక పిల్లలయ్యే అవకాశం రోజురోజుకూ తగ్గుతుంది. కాబట్టి మూడు వారాల గుడ్లూ ఒకేసారి పెడదామని ఆగకుండా వారానికో విడత పొదగేయండి.

విడతలుగా పెడితే ఒక చిక్కుంది. 18వ రోజు నుంచి గుడ్లు తిప్పడం ఆపి తేమ 65 నుంచి 70 శాతానికి పెంచాలి. వెనకాల పెట్టిన గుడ్లకు కావాల్సిందేమో 50, 55 శాతమే. రెండూ ఒకే ఇంక్యుబేటర్‌లో ఉంటే ఏదో ఒక విడత దెబ్బతింటుంది. చివరి మూడు రోజులకు ఇంకో చిన్న యంత్రమో, పొదుగుకు వచ్చిన పెట్టో సిద్ధంగా ఉండాలి. ఫ్యాను ఉన్న యంత్రంలో వేడి 37.5 డిగ్రీలు. ఫ్యాను లేనిదైతే గుడ్ల పైఅంచు ఎత్తులో 38.3. యంత్రం మీది అంకెను నమ్మకుండా విడిగా ఒక థర్మామీటరుతో సరిచూసుకోండి, ఒక డిగ్రీ తేడా చాలు విడతంతా పోవడానికి. చల్లటి గుడ్లను నేరుగా లోపల పెడితే పెంకు మీద చెమ్మ పడుతుంది. ముందు ఆరేడు గంటలు గది వేడికి రానివ్వండి.

ఏడో రోజు రాత్రి చీకట్లో టార్చి మీద గుడ్డు పెట్టి చూడండి. సాలీడు కాళ్లలా ఎర్రని నరాలు విచ్చుకుని, మధ్యలో నల్లని చుక్క కదులుతుంటే బతికున్నట్టు. ఎర్రని ఉంగరంలా రక్తపు గీత కనిపిస్తే మధ్యలో చనిపోయినట్టు. ఏమీ లేక తేటగా ఉంటే వెంటనే పారేయకుండా పళ్లెంలో పగలగొట్టి పచ్చసొన మీది తెల్లచుక్క చూడండి. ఫలించని గుడ్డులో అది రెండు మూడు మిల్లీమీటర్ల ముద్దలా, అంచులు చిందరవందరగా ఉంటుంది. ఫలించినదైతే అంతకంటే పెద్దగా, గుండ్రంగా పరుచుకుని ఉంటుంది. అప్పుడు తప్పు వీర్యానిది కాదు, గుడ్లు నిలవ పెట్టిన తీరుదో, యంత్రం వేడిదో. ఈ తేడా తెలియక "పుంజు విత్తనం అయిపోయింది" అనుకుని గుడ్లు ఏరడం మానేసేవాళ్లున్నారు. రెండున్నర వారాల తర్వాత పెట్టిన గుడ్లలో ఒకటి రెండు తాజాగానే పగలగొట్టి చూస్తే ఎప్పుడు ఆపాలో తెలిసిపోతుంది. తాజా గుడ్డులో ఫలించిన చుక్క నాలుగైదు మిల్లీమీటర్ల వెడల్పున వలయంలా కనిపిస్తుంది.

ఈలోగా కొత్త పుంజును తెచ్చుకోవచ్చు, వేరే చోట ఉంచితే చాలు. బయటి నుంచి వచ్చిన ఏ కోడినైనా నెల రోజులు విడిగా పెట్టి చూడటం ఎలాగూ అవసరమే. పెట్టల్లో పాత నిల్వ ఖాళీ కావడానికి పట్టేదీ దాదాపు అంతే సమయం. నెల తర్వాత మందలో వదిలితే రోగభయమూ ఉండదు, తండ్రి ఎవరన్న అనుమానమూ ఉండదు.

ఇప్పుడు జతల మాట. పోయిన పుంజు పంచి ఇచ్చిన జన్యువులు ఒక్కో పిల్లలో సగం. వాటిని బయటి పెట్టలకు కడితే మనవల్లో పావుకు పడిపోతుంది. ఒక పెట్ట కొడుకును ఇంకో పెట్ట కూతురికి కడితే, అంటే తండ్రి ఒకడే తల్లులు వేరైతే, పాత పుంజు వాటా సగటున సగమే నిలుస్తుంది. అంతర్గత ప్రజననం, అంటే దగ్గరి రక్తసంబంధంలో జతకట్టడం వల్ల వచ్చే కలయిక, 12.5 శాతం దగ్గర ఆగుతుంది. ఒకే తల్లి పిల్లల్ని జతకడితే అది 25 శాతానికి చేరి పొదిగింపు, పిల్లల బతుకు రెండూ తగ్గుతాయి. గుడ్డు మీద పెట్ట గుర్తు రాయమన్నది ఇందుకే. పుంజు తండ్రి గానీ, సొంత తోబుట్టువు పుంజు గానీ ఎక్కడైనా బతికి ఉంటే కూతుళ్లను వాటికి కట్టినా లెక్క అదే 12.5 శాతం. పాత పుంజును మీకు అమ్మినవాళ్లను, దాని అన్నదమ్ములను కొనుక్కున్నవాళ్లను వాకబు చేయడానికి ఇదే అదను.

కూతుళ్లను తక్కువ చేయకండి. కోళ్లలో ఆడో మగో తేల్చే జడ్ క్రోమోజోములు పుంజుకు రెండుంటాయి, పెట్టకు ఒకటే. ఆ ఒక్కటీ తండ్రి నుంచే వస్తుంది. ఈకల చారలు, వెండి బంగారు రంగులు, ఈక త్వరగా రావడమా ఆలస్యమా అన్న గుణాలు ఆ క్రోమోజోము మీదివే. తండ్రి ఇచ్చినదేమిటో కొడుకులో తల్లి వాటా కప్పేయవచ్చు, కూతురిలో మాత్రం బయటపడి కనిపిస్తుంది.

కొడుకుల్లో కనీసం మూడింటిని చివరిదాకా ఉంచండి, రెండింటిని వేర్వేరు చోట్ల పెంచండి. ఒక్కదాన్నే నమ్ముకోవడం వల్లే ఈ పరిస్థితి వచ్చింది. రంగు, కాళ్లు, నడక చూసి మూడో నెలలోనే తేల్చేయకుండా కూత నిలకడపడి తొక్కడం మొదలుపెట్టేదాకా ఆగండి. అప్పుడు ఒక్కోదాన్ని రెండు మూడు పెట్టలతో విడిగా పెట్టి, పది రోజులయ్యాక పది గుడ్లు పగలగొట్టి చూడండి. ఎనిమిదింటికి తక్కువ కాకుండా ఆ వలయం కనిపించిన కొడుకునే తండ్రి స్థానంలో పెట్టండి. ఎండలు బాగా ముదిరిన రోజుల్లో ఈ పరీక్ష చేసి మంచి పుంజును తీసేయకండి. వేడికి పడిపోయిన వీర్యం కొన్ని వారాలకు మళ్లీ కోలుకుంటుంది, చల్లబడ్డాక ఇంకోసారి చూశాకే నిర్ణయించండి.