మామిడి ఊపిరికి పూసిన అనాస

"కాయా, పండా?" అని అడిగాను.

తోట చూపిస్తున్న పెద్దాయనకు నా ప్రశ్న అందలేదు. ముత్తాతల కాలంలో కోరంగి రేవులో ఓడెక్కి, చెరకు తోటల్లో కూలికని మారిషస్ చేరిన కుటుంబం ఆయనది. ఇప్పటికీ ఇంట్లో రామభజన ఉంది, సింహాద్రి అప్పన్న ఉన్నాడు, ఉగాదికి దేశమంతటికీ సెలవుంది. మాటలే పిడికెడు మిగిలాయి. ఆ పిడికెట్లో "పండు" ఉంది, "కాయ" లేదు. ముళ్ల ఆకుల నడుమ పచ్చగా కూర్చున్న అనాసను చేత్తో తట్టి, "పండు... పచ్చ" అని నవ్వాడు.

ఆయన నోట్లోంచి జారిపోయిన ఆ ఒక్క మాట గురించే ఆ రోజంతా ఆలోచిస్తూ తిరిగాను. పిందె, కాయ, దోర, పండు అని మెట్టుమెట్టుకూ పేరు పెట్టుకున్నవాళ్లం మనం. కాయ పండైందంటే రంగు మారడం, మెత్తబడటం ఒక్కటే కాదు, అది వేరే వస్తువైందని మన లెక్క. వృక్షశాస్త్రం చాలా పండ్ల విషయంలో ఈ లెక్కను ఒప్పుకుంటుంది. అనాస దగ్గరికొచ్చేసరికి మెలిక పెడుతుంది.

మేం వెళ్లింది డిసెంబరులో. కాజీపేటలో మఫ్లర్లు చుట్టుకుని రైలెక్కిన వాళ్లం, దీవిలో దిగిన మర్నాడు చెట్టున మాగిన మామిడిపండ్లు తిన్నాం. వరంగల్ భూమధ్యరేఖకు ఉత్తరాన 18 డిగ్రీల్లో ఉంటే, మారిషస్ దక్షిణాన 20 డిగ్రీల్లో ఉంది. ఆ రేఖ దగ్గర అద్దం నిలబెడితే మన ఊరి ప్రతిబింబం దాదాపు ఆ దీవి వరుసలోనే పడుతుంది. మనకు చలికాలమైతే వాళ్లకు ఎండాకాలం. "తాతా, వీళ్ల చెట్లకు నెలలు తెల్వవా?" అన్నాడు మనవడు. నెలలు మనం రాసుకున్నవి. చెట్టుకు తెలిసింది ఎండ, చలి, వాన.

మామిడి అనగానే నాకు మా నాయనమ్మ చీకటి గది గుర్తొస్తుంది. నేల మీద జానెడు మందాన వరిగడ్డి, దాని మీద వరుసగా బేనిషాన్ కాయలు, మళ్లీ గడ్డి, పైన గోనెపట్టాలు. నడిమధ్యలో ఒక్కటి మాత్రం మాగిన పండే ఏరి పెట్టేది. మేం దొంగచాటుగా గోనెపట్టా ఎత్తితే "ఊకె తెరువకుర్రి బిడ్డా, ఆవిరి పోతది" అని కసిరేది. ఆవిరి అంటే ఉడుకే అనుకునేవాణ్ని. ఉడుకు పోయేమాట నిజమే. దాంతోపాటు ఇంకోటి కూడా పోయేది. దాని పేరు ఎథిలీన్.

రెండు కార్బన్లు, నాలుగు హైడ్రోజన్లు, అంతే దాని ఒళ్లు. 1901లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో దిమిత్రీ నెల్యుబోవ్ అనే పరిశోధకుడు, ప్రయోగశాలలో మొలకెత్తిన బఠానీలు నిటారుగా లేవకుండా పక్కకు పాకడం చూసి కూపీ లాగాడు. గదిలో దీపాలు వెలిగించే గ్యాసులోని ఎథిలీనే కారణమని తేల్చాడు. పండు తనంతట తాను ఈ వాయువును విడుస్తుందని 1934లో ఇంగ్లండులో రిచర్డ్ గేన్ ఆపిళ్లతో నిరూపించాడు. అప్పటికి ఎన్ని తరాల నాయనమ్మలు గడ్డిలో పండు పెట్టి ఉంటారో.

ముదిరిన మామిడికాయ లోపల ఎథిలీన్ మొదట కొద్దికొద్దిగా పుడుతుంది. ఒక హద్దు దాటాక, పుట్టిన ఎథిలీనే మరింత ఎథిలీన్‌ను పుట్టిస్తుంది, చక్రవడ్డీ లాగా. కాయ ఊపిరి వేగం ఒక్కసారిగా ఎగబాకుతుంది. పిండి చక్కెరగా విరుగుతుంది, పులుపు తగ్గుతుంది, కణాలను పట్టి ఉంచే పెక్టిన్ కరిగి కండ మెత్తబడుతుంది, పచ్చదనం వెళ్లిపోయి పసుపు బయటపడుతుంది. నడుమ పెట్టిన ఆ ఒక్క పండు మిగతా కాయలకు కబురు. గోనెపట్టా ఆ కబురు బయటికి పోకుండా వేసిన మూత. మామిడి, అరటి, సీతాఫలం, బొప్పాయి, సపోటా అన్నీ ఈ జాతివే, కోసిన తర్వాత కూడా పండుతాయి. సీతాఫలాలను బియ్యం డబ్బాలో పూడ్చిపెట్టిన వాళ్లందరికీ ఈ సంగతి చేతికి తెలుసు.

జగిత్యాల దగ్గర చల్‌గల్ మార్కెట్ నుంచి ఉత్తరాదికి వెళ్లే లారీల్లో ఉండేవి కాయలే. పండ్లై బయల్దేరితే చేరేది రసమే మరి. అక్కడ దిగాక మాగేస్తారు. ఇందులో తప్పేమీ లేదు. తప్పు కార్బైడ్ పొట్లాలతో వస్తుంది. దానికి చెమ్మ తగిలితే అసిటిలీన్ వెలువడుతుంది. అది ఎథిలీన్‌కు సవతి తమ్ముడి లాంటిది, కాయను కొంతవరకు నమ్మించగలదు. బజారు కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ ఆనవాళ్లు కలిసి ఉంటాయి కాబట్టి మన దేశంలో దాన్ని పండ్లకు వాడటం నిషేధం. ఎథిలీన్ గదులకు మాత్రం అనుమతి ఉంది, పది లక్షల పాళ్ల గాలికి 100 పాళ్లు దాటకుండా. వీటిని కూడా "మందు కొట్టిన పండ్లు" అని తిట్టేవాళ్లున్నారు. నన్నడిగితే, సరిగ్గా నడిపిన ఎథిలీన్ గది మా నాయనమ్మ గదే, థర్మామీటరు తగిలించారంతే. అసలు మోసం కోతలోనే జరుగుతుంది. టెంక ముదరని కాయను ఏ వాయువూ తియ్యగా చేయలేదు. లోపల పిండే చేరకపోతే చక్కెర దేంట్లోంచి రావాలి? పోయినేడు మా ఇంటికొచ్చిన ఒక పెట్టెడు మామిడిపండ్లు పైకి పచ్చటి పసుపు, లోపల చింతకాయ. పప్పులో వేసుకున్నాం.

ఇక మారిషస్ తోటలోకి వద్దాం. వాళ్ల క్రియోల్ భాషలో అనాసను "జనానా" అంటారు. మా ఆవిడ నిజాం కాలపు జనానా, అంటే అంతఃపురం, అనుకుని పకపకా నవ్వింది. దక్షిణ అమెరికా టూపీ జనం "నానస్" అన్న మాట పోర్చుగీసు ఓడల్లో ప్రపంచం చుట్టి మనకు అనాసై, ఫ్రెంచివాళ్ల మీదుగా వీళ్లకు జనానా అయింది.

పెద్దాయన ఒకటి కోసి, తొడిమను పిడిలా పట్టుకుని చెక్కు తీశాడు. తర్వాత కన్నుల వెంట ఏటవాలుగా గాడి కోసుకుంటూ పండును తిప్పాడు. కత్తి ఎక్కడా ఆగలేదు. కన్నులన్నీ ఊడొచ్చాక పండు మీద మెలికల మెట్లు మిగిలాయి. ఇంకో పండు తీసుకుని కన్నుల వరుసలు లెక్కపెట్టాను. ఒకవైపు వాలినవి 8, ఎదురువైపు వాలినవి 13. ఒక్కో కన్ను ఒకప్పుడు ఒక ఊదారంగు పువ్వు. నూరుకు పైగా పూలు, ఒక్కోటీ ఒక్కో చిన్న పండై, కాండం చుట్టూ ఒకదానికొకటి అతుక్కుపోతే వచ్చిందే మనం అనాసపండు అనే గుంపు. అడుగున ఉన్న పూలు ముందు పూస్తాయి కాబట్టి అడుగే ముందు పండుతుంది. ఆయన నాకు అడుగు ముక్క, మా ఆవిడకు పై ముక్క ఇచ్చి మా మొహాలు చూస్తూ నిలబడ్డాడు. ఆమె పులుపుకు ఒక కన్ను మూసింది. అప్పుడు ఉప్పూ కారం చల్లాడు. మన వరంగల్ చపాటా మిర్చి ఎరుపు ఆ కారానికి లేదు, ఘాటు మాత్రం దాన్ని మించింది. నాలుగో ముక్కకు నాలుక చురచురలాడింది. మాంసకృత్తులను కోసే బ్రొమెలైన్ అనే ఎంజైము అనాసలో ఉంది, మన నాలుకా దానికి మాంసమే.

ఈ గుంపు తన దగ్గర పిండి దాచుకోదు. చక్కెర ఎప్పటికప్పుడు ఆకుల్లో తయారై కాండం గుండా రావాల్సిందే. కత్తి పడిన నిమిషాన ఆ దారి తెగిపోతుంది. ఆ తర్వాత తొక్క పసుపెక్కవచ్చు, కండ మెత్తబడవచ్చు, ఎంత ఎథిలీన్ పట్టించినా తీపి మాత్రం పెరగదు. తలకిందులుగా నిలబెడితే తీపంతా సర్దుకుంటుందనే మాటకు ఆధారం లేదు. అంటే అనాస కాయ నుంచి పండయ్యేది తోటలోనే. అక్కడ కాకపోతే ఇక ఎక్కడా కాదు.

ఎథిలీన్ మాటకు ఇంతగా పెడచెవి పెట్టే ఈ పండు, పూయని మొక్కగా ఉన్నప్పుడు అదే ఎథిలీన్ చెబితే తలూపుతుంది. తోటలో ఒక మడి నిండా ఒకే వయసు పండ్లున్నాయి. పక్క మడిలో మొక్కలు అంతే ఎత్తున్నా ఒక్క పువ్వు లేదు. ఇదేమిటని అడిగితే పెద్దాయన కూతురు ఇంగ్లీషులో చెప్పింది, "వాటికి ఇంకా చెప్పలేదు" అని. చెప్పడమంటే ఎథిఫాన్ కలిపిన నీళ్లు మొక్క నడిమి గుంటలో పోయడం. ఆ మందు మొక్క కణాల్లోకి చేరాక విరిగి ఎథిలీన్ విడుస్తుంది. కొన్ని వారాలకు మడి మడంతా మొగ్గ తొడుగుతుంది, మరి కొన్ని నెలలకు అంతా ఒకేసారి కోతకొస్తుంది. వదిలేస్తే అనాస పొద్దు కురచై రాత్రులు చల్లబడే రోజుల్లో, ఒక్కో మొక్క ఒక్కోసారి పూస్తుంది. సెలవులకు వచ్చిన మనలాంటి వాళ్లకు ఏ నెలలోనైనా ఇసుక తిన్నెల మీద అనాస దొరకడం వెనక ఈ "చెప్పడం" ఉంది.

ఇది మొదట తెలిసింది పొగ వల్ల. పోర్చుగల్‌కు చెందిన అజోర్స్ దీవుల్లో అద్దాల ఇళ్లలో అనాస పెంచుతారు. 19వ శతాబ్దంలో ఆ ఇళ్లలో పొగ కమ్మిన చోట మొక్కలు తొందరగా, ఒక్కసారే పూయడం రైతులు గమనించారు. పొగలో పూర్తిగా కాలని వాయువుల్లో ఎథిలీన్ ఒకటి. ఇప్పటికీ అక్కడ ఆకులూ కొమ్మలూ రాజేసి పొగ పెడుతూనే ఉన్నారు. చాలా మొక్కలకు ఎథిలీన్ తగిలితే పూత వెనక్కిపోతుంది. అనాస ఎందుకు ఇలా ఎదురు తిరిగిందన్నది నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైన చిక్కుముడి.

ఆ తోటలో చెరకు మళ్ల మధ్య ఏరి పోసిన నల్లరాళ్ల గుట్టలున్నాయి. అగ్నిపర్వతం కక్కిన దీవి అది, మన గుండ్రాతి బండల లాంటి నేల కాదు. అంత రాళ్లలో అనాస తక్కువ నీళ్లతో నెగ్గుకొస్తుంది, ఎందుకంటే అది రాత్రి పూటే ఆకు రంధ్రాలు తెరుస్తుంది. చల్లటి వేళ పీల్చిన బొగ్గుపులుసు వాయువును పుల్లటి మాలిక్ ఆమ్లంగా దాచుకుని, తెల్లారాక రంధ్రాలు మూసుకుని ఆ దాచిన దాంతో చక్కెర వండుకుంటుంది. పెరట్లో రణపాల మొక్కుంటే ఈ విద్యను నాలుకతో చూడొచ్చు. ఒకప్పుడు సామర్లకోట వనంలో పనిచేసిన బెంజమిన్ హైన్ అనే వృక్షశాస్త్రవేత్త 1815లో అచ్చయిన ఉత్తరంలో ఇదే రాశాడు. రణపాల ఆకు పొద్దున పుల్లగా, మధ్యాహ్నం చప్పగా, సాయంత్రానికి కొంచెం చేదుగా ఉంటుందని. పొద్దుటి పులుపును ఆయన పోల్చింది మన చుక్కకూర కుటుంబంలోని ఆకుతోనే.

తోట చివర వలలు కప్పిన లిచీ చెట్లున్నాయి. లిచీ కూడా కోశాక పండదు, చెట్టున ఎర్రబడేదాకా ఆగాల్సిందే. అక్కడే గబ్బిలాలతో పేచీ. ఆ దీవిలోనే పుట్టి పెరిగిన పెద్ద పండ్లగబ్బిలం అదే రాత్రి కోసం కాచుకుని ఉంటుంది. కాయగానే కోసి దాచుకునే వీలుంటే రైతు ఒక వారం ముందే గెలిచేవాడు. 2015 నుంచి అక్కడి ప్రభుత్వం పలుమార్లు ఆ గబ్బిలాలను వేల సంఖ్యలో చంపించింది. అడవి చెట్ల గింజలను మోసి నాటేది అవే, పైగా అంతరించే ప్రమాదంలో ఉన్న జాతి. వలలు వేసిన చెట్లను చూశాక, ఖర్చయినా ఇదే మేలైన దారి అనిపించింది.

తిరిగొచ్చాక హనుమకొండ చౌరస్తాలో బండి దగ్గర అనాస కొంటూ ఎక్కడిదని అడిగాను. కేరళదన్నాడు. ఎర్నాకుళం జిల్లా వాళక్కుళం చుట్టుపక్కల తోటల్లో ఎక్కువగా వేసే రకం పేరు "మారిషస్". మారిషస్‌లో మేం తిన్న "విక్టోరియా", ఇదీ రెండూ క్వీన్ అనే ఒకే వంశంవి. విమానమెక్కి తిన్న పండు మా వీధి మలుపులోనే ఉందన్నమాట. నేను వాసన చూసి ఒకటి పక్కన పెడితే, బండతను "రెండ్రోజులు ఉంచుండ్రి సార్, మంచిగ మాగుతది" అన్నాడు. మాగదని చెప్పబోయి ఊరుకుని, అడుగు దగ్గర ఘుమఘుమలాడేదే ఏరుకున్నాను.

దాని తలమీది ఆకుల కుచ్చును జనవరిలో కుండీలో నాటాం. పదిహేడు నెలల్లో గట్టి మొక్కైంది గానీ పూత జాడ లేదు. ఈ ఏడు మృగశిర కార్తె నాడు, సీజను చివరి బేనిషాన్లు రెండు బాగా మిగలమాగినవి కుండీలో పెట్టి, మొక్క మొత్తానికి ప్లాస్టిక్ కవరు కప్పి నీడలో నాలుగు రోజులు ఉంచాం. మనవడు ఊకె కవరు ఎత్తి చూస్తుంటే మా ఆవిడ "ఆవిరి పోతదిరా" అంది.

ఇప్పుడు శ్రావణం. ఆకుల నడిమి గుంటలో రూపాయి బిళ్లంత ఎర్రటి ముద్ద కనిపిస్తోంది.